రోస్టర్ రాసే చేయి

సర్కారు దవాఖానల్లో స్టాఫ్ నర్సుల డ్యూటీలు సాధారణంగా మూడు: పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి తెల్లారి 8. హెడ్ నర్సు బల్ల మీద అద్దం కింద పెట్టిన రోస్టర్ కాగితాన్ని బట్టే ఒకామె కొడుకును ఈ వారం బడి నుంచి ఎవరు తీసుకొస్తారో, ఇంకొకామె బీపీ మాత్ర వేళకు వేసుకుంటుందో లేదో, మరొకామె నెలలో ఎన్ని రాత్రులు కంటినిండా నిద్రపోతుందో తేలిపోతుంది. ఏ ఆసుపత్రిలోనైనా సిబ్బంది క్షేమం ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను ముందు చూపించమని అడిగేది ఆ రోస్టర్‌నే.

యాజమాన్యాలకు మాత్రం సిబ్బంది క్షేమం అనగానే యోగా క్లాసు, మే 12న నర్సుల దినోత్సవం కేకు, ఒక మోటివేషన్ ప్రసంగం గుర్తొస్తాయి. వాటిని నేను వద్దనను. కానీ వాటితో ఆగిపోతే ఫలితం ఉండదని చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో బ్రిటన్‌లోని 233 సంస్థలకు చెందిన 46 వేల మందికి పైగా ఉద్యోగుల సమాధానాలు పరిశీలించాడు. ఒత్తిడి తగ్గించే శిక్షణలు, ధ్యానం క్లాసులు, యాప్‌లు వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే బాగున్నట్టు ఏమీ కనిపించలేదు. డాక్టర్ల బర్నౌట్‌పై అంతకుముందు, 2017లో, వచ్చిన పరిశోధనల సమీక్ష కూడా మనిషిని మార్చే ప్రయత్నాల కంటే పని పద్ధతిని మార్చే ప్రయత్నాలే ఎక్కువ పనిచేశాయని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను నిర్వచించినప్పుడు దాన్ని జబ్బుగా కాకుండా పనిచేసే చోట పుట్టే పరిస్థితిగా చెప్పింది. ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, చేసే పని మీద మనసు విరగడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావన దాని గుర్తులు. పుట్టేది పనిచేసే చోట అయితే సరిదిద్దుకోవాల్సిందీ అక్కడే.

అందుకే ఈ అధ్యాయం రోస్టర్ రాసేవాళ్ల కోసం, ఆ రోస్టర్‌లో పేరున్నవాళ్ల కోసం. సూపరింటెండెంట్, ఆర్ఎంఓ, హెడ్ నర్సు, హనుమకొండలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరు మొదటి రకం. హౌస్ సర్జన్, పీజీ, స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, వార్డు ఊడ్చే అమ్మ రెండో రకం.

వరంగల్ ఎంజీఎం సంగతి తీసుకుందాం. వెయ్యి పడకల దవాఖాన. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి ఇదే బోధనాసుపత్రి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచే కాక గోదావరి అవతల మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. ఇలాంటి చోట పడక లేదని ఎవరినీ తిప్పి పంపలేరు. పడకలు నిండినా రోగులు వస్తూనే ఉంటారు, నర్సుల సంఖ్య మాత్రం మారదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ లెక్క చెబితే మన వార్డుల్లో పనిచేసే ఏ సిస్టరైనా ఒకసారి ముఖంలోకి చూసి ఊరుకుంటుంది.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో 2002లో పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చూపించింది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో సర్జరీ అయిన రోగులను పరిశీలిస్తే, ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగిన ప్రతిసారీ రోగి 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం, నర్సుకు బర్నౌట్ వచ్చే అవకాశం 23 శాతం పెరిగాయి. నర్సు అలసటనూ రోగి ప్రాణాన్నీ వేర్వేరు ఖాతాల్లో రాసుకునే వీలు లేదని ఆ రెండు అంకెలు చెబుతున్నాయి.

పోస్టులు మంజూరు చేసేది హైదరాబాద్, మా చేతిలో ఏముంది అని సూపరింటెండెంట్లు అంటారు. అందులో నిజం ఉంది. పోస్టుల కోసం రాస్తూనే ఉండాలి, ఖాళీల లెక్క ప్రతి నెలా పైకి పంపుతూనే ఉండాలి. అయితే ఉన్న నర్సుల సమయం ఎటుపోతోందో చూడటం ఇక్కడి చేతిలో పనే. ఒక వార్డులో ఒక వారం పాటు ఈ చిన్న పని చేయించండి. నర్సు నర్సింగ్ కాని పని చేసిన ప్రతిసారీ గోడ మీది కాగితంలో ఒక గీత గీయాలి. రక్తం ట్యూబు పట్టుకుని ల్యాబ్‌కు పోవడం, స్ట్రెచర్ కోసం వెతకడం, స్టోరు నుంచి సెలైన్ పెట్టె మోసుకురావడం, ఒకే వివరాన్ని ఒక రిజిస్టర్‌లోంచి ఇంకో రిజిస్టర్‌లోకి ఎక్కించడం, ఆరోగ్యశ్రీ కాగితాలకు జిరాక్స్ ఎక్కడ తీయిస్తారో అటెండెంట్‌కు దారి చెప్పడం. వారం చివర ఆ గీతలు లెక్కపెడితే ఏ పనిని ఎవరికి మార్చాలో అదే చెబుతుంది. వార్డుకొక మనిషిని కేవలం శాంపిళ్లు, రిపోర్టులు తిప్పడానికి పెడితే రాత్రిపూట రోగి దగ్గర నర్సు నిలబడే సమయం పెరుగుతుంది. దానికి కొత్త నర్సు పోస్టు అక్కర్లేదు.

ఇక నిద్ర. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే మన వైద్య రంగంలో నిద్ర మానుకోవడాన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటున్నారు. మా రోజుల్లో ముప్పై ఆరు గంటలు చేశాం అని పెద్ద డాక్టర్లు గర్వంగా చెబుతుంటే పీజీలు తలొంచుకుని వింటారు. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చేతి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా పడిపోతుందని చూపించారు. మన మోటారు వాహన చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. ఆ లెక్కన, పొద్దున ఆరింటికి లేచిన పీజీ అదే రోజు రాత్రి పదకొండున్నరకు హనుమకొండ చౌరస్తాలో బండి నడపడానికి పనికిరాడు. అతన్నే అర్ధరాత్రి దాటాక సెంట్రల్ లైన్ వేయమంటున్నాం.

ఇది కొత్తగా కనిపెట్టిన బాధ కాదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకమే రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా 12 గంటలకు మించి ఏకబిగిన ఉండకూడదని, వారానికి 48 గంటలు ఉండాలని, వంతులవారీగా వారాంతపు సెలవు ఇవ్వాలని చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు దాటవద్దని సిఫార్సు చేసింది. 48 దగ్గర మొదలైన అంకె 74 దగ్గరికి వచ్చి ఆగిందంటేనే ఈ ముప్పై ఏళ్లలో ఆచరణ ఎటు నడిచిందో అర్థమవుతుంది. విభాగాధిపతి చేయాల్సింది ఒకటే: 24 గంటల డ్యూటీ దిగిన పీజీ ఆ రోజు ఓపీలో కనబడితే ఇంటికి పంపించాలి. తానే చెప్పి పంపాలి. సెలవు ఉందని కాగితంలో రాసి, వెళ్లినవాడి మీద మర్నాడు రౌండ్స్‌లో చురకలు వేస్తే ఆ రాతకు విలువ లేదు.

రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు తమకు తాము చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. రెండింటికీ నాలుగింటికీ మధ్య వార్డు కొంచెం సద్దుమణిగినప్పుడు ఇద్దరు మాట్లాడుకుని వంతుల చొప్పున ఇరవై నిమిషాలు కన్ను మూయండి. అలారం పెట్టుకోండి, రెండోవారికి చెప్పి పడుకోండి. లేవగానే కాసేపు మత్తుగా ఉంటుంది, ఆ సమయంలో డోసుల లెక్క వేయకండి. మూడు తర్వాత టీ మానేస్తే ఇంటికెళ్లాక నిద్ర పడుతుంది. ఇంట్లో వాళ్లకు మీ నైట్ డ్యూటీ తేదీలు వంటింటి క్యాలెండర్ మీద రాసిపెట్టండి, పగలు పది గంటలకు చుట్టాలు వస్తే లేపకుండా ఉంటారు. పరధ్యానంగా ఉన్న ఉదయం బండి తీయకండి, కాజీపేట దాకా అయినా సరే ఆటోలో పొండి.

రోస్టర్ రాసేవాళ్లకు: డ్యూటీలు మార్చేటప్పుడు పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి ముందుకు జరపండి. రాత్రి నుంచి పొద్దుటికి వెనక్కి దూకిస్తే శరీరం తట్టుకోదు. రెండు వారాల ముందు రోస్టర్ అతికించండి. ఒక పండుగ రిజిస్టర్ పెట్టండి. పోయిన ఏడు సద్దుల బతుకమ్మ సాయంత్రం డ్యూటీ చేసిన సిస్టరుకు ఈ ఏడు ఆ సాయంత్రం తప్పక సెలవు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడే ఆ రెండు గంటలు ఆమెకు ఎంత విలువైనవో ఓరుగల్లువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. రంజాన్, క్రిస్మస్ డ్యూటీల మార్పిడి కూడా ఆ రిజిస్టర్‌లోనే రాసుకుంటే ఎవరూ ఎవరినీ బతిమాలుకునే పని ఉండదు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర తేదీలు నెలల ముందే తెలుస్తాయి. అక్కడి వైద్య క్యాంపుల డ్యూటీకి సిబ్బంది వెళ్తే వార్డులో మిగిలినవాళ్ల మీద డబుల్ డ్యూటీలు పడతాయి. ఆ వారానికి ముందూ వెనకా ఇవ్వాల్సిన సెలవులు జాతరకు ముందే కాగితం మీదికి రావాలి.

డ్యూటీ రూము గురించి ఒక మాట. లోపలి నుంచి గడియ పడుతుందా? మరుగుదొడ్డి ఎంత దూరం? అక్కడికి పోయే వరండాలో లైటు వెలుగుతుందా? తాగే నీళ్లున్నాయా? ఆడవాళ్లకు విడిగా గది ఉందా? ఈ ఐదు ప్రశ్నలకు సూపరింటెండెంటు రాత్రి పదకొండు గంటలకు స్వయంగా నడిచి వెళ్లి జవాబులు తెలుసుకోవాలి. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును పడగొట్టి, 2021 జూన్ 21న ఆ స్థలంలో మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆ కొత్త భవనంలో ప్రతి అంతస్తుకూ ఒక గడియ పడే గది ఉండటం నా దృష్టిలో లిఫ్టు ఎంత అవసరమో అంత అవసరం.

రాత్రి 8కి చేతులు మారే ఆ పది నిమిషాలు కూడా క్షేమం కిందికే వస్తాయి. డ్యూటీ దిగి ఇంటికెళ్లాక, అన్నం ముందు కూచున్నాక, "పద్నాలుగో బెడ్ సంగతి చెప్పానా?" అని గుండె ఝల్లుమనే అనుభవం లేని నర్సు ఉండదు. మంచి హ్యాండోవర్ ఆ బరువును వార్డులోనే దింపిస్తుంది. పడక దగ్గరే నిలబడి చెప్పుకోవాలి: "పద్నాలుగో బెడ్, పొటాషియం తక్కువ, రెండో డ్రిప్ నడుస్తోంది, పదింటికి మళ్లీ శాంపిల్ తీయాలి, గుండె దడ అంటే వెంటనే డ్యూటీ డాక్టరును పిలవాలి." విన్నవారు అదే తిరిగి చెప్పాలి. అమెరికా, కెనడాల్లో తొమ్మిది ఆసుపత్రుల్లో ఇలా ఒక వరుసలో చెప్పుకునే పద్ధతి పెట్టాక వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గినట్టు 2014లో ప్రచురించారు. హ్యాండోవర్ జరిగే ఆ పది నిమిషాలు ఎవరూ సిస్టరును పిలవకూడదని వార్డు తలుపు మీద తెలుగులో రాసి పెట్టండి.

దాడుల భయం చాలామందిని లోలోపల తినేస్తుంది. క్యాజువాలిటీలో గొడవ చాలాసార్లు ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోవడం దగ్గర మొదలవుతుంది. "అరే, గంటన్నరాయె. మా నాయనను సూసెటోళ్లే లేరా ఈడ?" అని ఒకతను గొంతు పెంచాడనుకోండి. "సార్ బిజీగా ఉన్నారు" అంటే మంట రేగుతుంది. "అన్నా, గిట్ల కూసో. నాయన పేరేంది? సారు లోపల నాయన దగ్గర్నే ఉన్నడు. ఏమన్నడో తొమ్మిదింటికి నేనే బయటికొచ్చి చెప్త" అంటే చాలాసార్లు చల్లబడతాడు. అయితే తొమ్మిదింటికి బయటికి రావాలి, చెప్పడానికి కొత్త విషయం లేకపోయినా రావాలి. ప్రతి షిఫ్టులో ఈ పనికి ఒకరి పేరు రోస్టర్‌లో రాయండి. మరణవార్త మాత్రం హౌస్ సర్జన్ ఒంటరిగా వరండాలో చెప్పే పరిస్థితి రాకూడదు. సీనియర్ పక్కన ఉండాలి, కూర్చోబెట్టి చెప్పాలి, తలుపు దారి సిబ్బంది వైపు ఉండాలి.

చేయి చేసుకునే దాకా వస్తే రాజీ పడమని సిబ్బందిని ఒత్తిడి చేయకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై దాడి నాన్ బెయిలబుల్ నేరం, మూడేళ్ల దాకా జైలు. కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో యువ డాక్టరు హత్యకు గురైన ఘటన తర్వాత, 2024 ఆగస్టు 16న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దాడి జరిగిన 6 గంటల్లోపు సంస్థ అధిపతే ఎఫ్ఐఆర్ పెట్టించాలి. దెబ్బ తిన్న పిల్ల స్టేషన్ చుట్టూ తిరగడం కాదు, సంస్థే ఫిర్యాదుదారు కావడం అందులోని సారం. ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన విషయం. 2022 మార్చిలో ఎంజీఎం ఆర్ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికాయి. రాష్ట్రమంతా నివ్వెరపోయింది. ప్రభుత్వం సూపరింటెండెంటును బదిలీ చేసి, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేసింది. ఆ రోగికి జరిగింది ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ ఎలుకలు వచ్చేది డ్రైనేజీలోంచి, పైకప్పు సందుల్లోంచి, వార్డులో మిగిలిన అన్నం పొట్లాల వాసనకు. వెంటిలేటర్ సరిచేసే డాక్టరు సస్పెండైతే ఆ సందులు పూడవు. తప్పు జరిగినప్పుడు "ఎవరు?" అని మాత్రమే అడిగే చోట సిబ్బంది సమస్యలు దాచడం నేర్చుకుంటారు. ఎలుక కనబడ్డ మొదటి రాత్రే రాసి ఇవ్వడానికి భయం లేని పుస్తకం ఒకటి వార్డులో ఉండాలి, అందులో రాసినదానికి ఎన్ని రోజుల్లో ఏం చేశారో పక్క గడిలో కనబడాలి.

ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా మొదటి ఏడాది చదువుతున్న గిరిజన విద్యార్థిని ఎంజీఎంలో డ్యూటీలో ఉండగా అపస్మారక స్థితిలో కనిపించింది. ఫిబ్రవరి 26న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. సీనియర్ వేధింపులే కారణమని కుటుంబం చెప్పింది. పోలీసులు ర్యాగింగ్ నిరోధక చట్టంతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టి ఒక సీనియర్‌ను అరెస్టు చేశారు. ఘటనకు ముందే విషయం పెద్దల దృష్టికి వెళ్లిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. నేరం తేల్చేది కోర్టు. ఆసుపత్రులు నడిపేవాళ్లు ఆ అమ్మాయిని తలచుకుని ఒక పని చేయాలి. ఫిర్యాదు వచ్చిన రోజే ఆ ఇద్దరి డ్యూటీలూ విడదీయాలి. విచారణ తర్వాత, నిజానిజాలు తర్వాత. ఫిర్యాదు చేసిన మనిషి అదే రాత్రి అదే థియేటర్‌లో అదే సీనియర్ కింద పనిచేయకూడదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టి సర్దిచెప్పడం అన్నదమ్ముల తగాదాకు పనికొస్తుందేమో, పరీక్షలూ సంతకాలూ ఒకరి చేతిలో ఉన్న చోట పనికిరాదు. ఫిర్యాదు తీసుకునే మనిషి ఆ విభాగంవాడు కాకూడదు. వేధింపు లైంగికమైనదైతే 2013 చట్టం కింద అంతర్గత కమిటీ పది మంది పనిచేసే ప్రతి ఆసుపత్రిలో ఉండి తీరాలి. ఆ కమిటీలో ఎవరున్నారో మీ ఆసుపత్రి ఆయమ్మను అడిగి చూడండి. ఆమెకు తెలియకపోతే కమిటీ ఉన్నా లేనట్టే.

మనసు బాగా కుంగినప్పుడు టెలి మానస్ 14416కు ఏ వేళనైనా, డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్లయి ఉండి ఫోన్ చేయడమేమిటని ఆగకండి. తోటి మనిషి మాటల్లో చావు ప్రస్తావన వినబడితే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, మందుల తాళాలు ఇంకొకరికి ఇప్పించండి, సైకియాట్రీ విభాగానికి వెంట వెళ్లండి.

ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లకు ఒక విన్నపం. కొత్తగా నర్సింగ్ పూర్తిచేసి ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకోకండి. వెళ్లిపోతారన్న భయం ఉంటే జీతం, హాస్టల్ గది, రోస్టర్ సరిచేయండి. యాభై మంది, అంతకు పైగా పనిచేసే చోట పిల్లల సంరక్షణ గదిని 2017 ప్రసూతి చట్ట సవరణ తప్పనిసరి చేసింది. అది మీ దగ్గర ఉందా?

చివరగా, కాంట్రాక్టు మీద పనిచేసే పారిశుధ్య కార్మికులు. సిబ్బంది క్షేమం మీద జరిగే ఏ సమావేశానికీ వీళ్లను పిలవరు. సూదులు, రక్తం గుడ్డలు, పగిలిన ఆంప్యూల్ ముక్కలు వీళ్ల చేతుల్లోంచే పోతాయి. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి ఉన్నవారి సూది గుచ్చుకుంటే ఆ జబ్బు సోకే ప్రమాదం 30 శాతం దాకా ఉంటుంది, హెచ్ఐవికి అది సుమారు 0.3 శాతం. బయో మెడికల్ వ్యర్థాల నియమాలు, 2016 ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టరు మనిషైనా సరే, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాల్సింది ఆసుపత్రే. సూది గుచ్చుకుంటే సబ్బుతో కడిగి వెంటనే చెప్పాలని, హెచ్ఐవి మందు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మంచిదని, 72 గంటలు దాటితే లాభం లేదని వాళ్ల భాషలో చెప్పాలి. రాత్రిపూట ఆ మందు ఎవరి దగ్గర దొరుకుతుందో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు చెత్త డబ్బాల గది తలుపు మీద ఉండాలి. టీకా మూడు డోసులు: మొదటిది ఇవాళ, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. కాంట్రాక్టరు మారినా మనుషులు చాలావరకు వాళ్లే ఉంటారు కాబట్టి ఆ టీకా కార్డుల రిజిస్టర్‌ను కాంట్రాక్టరు దగ్గర కాకుండా హెడ్ నర్సు దగ్గరే ఉంచి, ఒక్కొక్కరి మూడో డోసు తేదీని ఆ నెల రోస్టర్‌లోనే రాయించండి.